సెల్ఫ్ కొడితే ఏం వినిపించింది?

1967లో ముకర్రం జా చౌమహల్లా ప్యాలెస్‌లో ఎనిమిదో నిజాంగా గద్దెనెక్కారు. ఆ ఫిబ్రవరిలోనే తాత మీర్ ఉస్మాన్ అలీఖాన్ కన్నుమూశారు. ప్యాలెస్‌లు, నగలు, వేలమంది సిబ్బందితో పాటు ఆయన గ్యారేజీ కూడా మనవడి చేతికొచ్చింది. అందులో 60 కార్లుంటే నడిచేవి నాలుగేనని, పట్టాభిషేకం అయ్యాక కొత్త నిజాంను తీసుకెళ్లాల్సిన లిమోజిన్ సైతం మొరాయించిందని చరిత్రకారుడు విలియం డాల్‌రింపుల్ రాశారు. పెట్రోలు కింద, స్పేర్ పార్టుల కింద ఖర్చు మాత్రం 60 కార్లకూ పడుతూనే ఉండేదట.

అందులో ఎవరి చేతివాటం ఎంతో మనకెందుకు గానీ, నాకు ఆ గ్యారేజీ మెకానిక్ మీదే జాలి. ఏళ్లకేళ్లు కదలకుండా నిలబడ్డ బండిని ముహూర్తానికి స్టార్ట్ చేసి చూపించమంటే ఎవరి వల్ల అవుతుంది?

అరవై ఏళ్లు కావస్తున్నా పాతబస్తీలో ఆ ముచ్చట అలాగే ఉంది. కాకపోతే లిమోజిన్ స్థానంలో ఆల్టో, స్విఫ్ట్, ఇన్నోవా వచ్చాయి. చౌమహల్లా గేటు నుంచి ఖిల్వత్ గల్లీల్లోకి, అటునుంచి శాలిబండ, మొఘల్‌పుర, యాకుత్‌పుర వైపు నడవండి. మలుపుకొకటి చొప్పున కవరు కప్పుకున్న కారు గోడకు ఆనుకుని కనిపిస్తుంది. కవరు మీద దుమ్ము, దాని మీద పిల్లి. ఓనరు జెద్దాలోనో దుబాయ్‌లోనో ఉంటాడు, రంజాన్‌కో చెల్లెలి పెళ్లికో వస్తాడు. గౌలిపుర, ఉప్పుగూడ వైపు వెళ్తే కొడుకు అమెరికాలో, బండి ఇక్కడ, తండ్రికి డ్రైవింగ్ రాదు. ఊళ్లోనే ఉన్నవాళ్లకూ ఆ సందులోంచి కారు తీసి, మళ్లీ తెచ్చి పెట్టడం కంటే ఆటో ఎక్కడమే సుఖం. 2020 లాక్‌డౌన్‌లో ఈ కష్టం జూబ్లీహిల్స్ దాకా పాకింది గానీ, పాతబస్తీకి అది ఏడాది పొడుగునా ఉండేదే.

తాళం తిప్పితే బండి లేవదు. గల్లీలో ఉన్న నలుగురూ చూడకుండానే తీర్పు చెప్పేస్తారు: బ్యాటరీ పోయింది, కొత్తది వేయించు. సగం సందర్భాల్లో ఆ మాట నిజమే. కానీ చచ్చింది బ్యాటరీ అయితే చంపిందెవరన్నది ఇంకో ప్రశ్న. అది అడగకుండా కొత్తది వేస్తే హంతకుడికి ఇంకో బ్యాటరీ అప్పజెప్పినట్టే.

ముందు చెవి, తర్వాత చెయ్యి

ఆగిన బండి ఏదో ఒకటి చెబుతుంది. మనం పది సార్లు సెల్ఫ్ కొట్టి దాని నోరు మూయించేస్తాం. మొదటిసారి తిప్పినప్పుడు విన్నదే అసలైన సాక్ష్యం. అందుకే ఏసీ, రేడియో ఆపేసి, అద్దం దించి, హెడ్‌లైట్లు వేసి ఒక్కసారి మాత్రం తాళం తిప్పండి. గోడ మీద ఆ లైట్ల వెలుగు ఏమవుతుందో చూడండి.

‘టకటకటక’మని గబగబా కొట్టుకుని, వెలుగు కూడా దాంతోపాటు కొట్టుకుంటే బ్యాటరీలో సరుకు లేదు, లేదా టెర్మినల్ దగ్గర పట్టు లేదు. సెల్ఫ్ మోటారు తిరగడానికి వంద ఆంపియర్లకు పైనే కావాలి. దాన్ని కలిపే స్విచ్చుకు కొంచెం కరెంటు చాలు. స్విచ్చు పట్టుకోగానే మోటారు బరువు మీదపడి ఓల్టేజీ కుప్పకూలుతుంది, స్విచ్చు వదిలేస్తుంది. వదలగానే ఓల్టేజీ లేస్తుంది, స్విచ్చు మళ్లీ పట్టుకుంటుంది. ఆ పట్టువిడుపుల చప్పుడే మనం విన్నది.

ఒక్కటే ‘టక్’మని ఆగిపోయి, వెలుగు మాత్రం చెక్కుచెదరకపోతే అనుమానం సెల్ఫ్ మోటారు మీదికి పోవాలి. బ్రష్షులు అరిగాయో, లోపలి కాంటాక్టులు మాడాయో. అదే ‘టక్’కి వెలుగు దాదాపు ఆరిపోయిందంటే ఇంజను జామ్ అయిందేమో చూడాలి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానరు పెట్టి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. లైట్లు దివ్యంగా ఉండి సెల్ఫ్ అసలు ఉలకదు పలకదు అనుకోండి, క్లచ్ పూర్తిగా తొక్కారా? ఆటోమేటిక్ అయితే గేరు పార్కులో ఉందా, న్యూట్రల్‌లో పెట్టి చూశారా? డాష్‌బోర్డు మీద తాళంచెవి బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు. బటన్ స్టార్ట్ బండ్లలో, మైనస్ తీగ విప్పి వెళ్లి ఏడాది తర్వాత గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు ఎదురయ్యే గొడవ చాలాసార్లు ఇదే: కారు బ్యాటరీ భేషుగ్గా ఉంటుంది, రిమోట్‌లో ఉన్న రూపాయి బిళ్లంత సెల్ చచ్చి ఉంటుంది. చాలా మోడళ్లలో ఆ రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే పని జరిగిపోతుంది.

ఇక సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, ఇంజనే అందుకోవడం లేదు. ఇక్కడ బ్యాటరీకి ఏ పాపం తెలియదు. పెట్రోలు రాకనో, ప్లగ్గులో కరెంటు రాకనో, గాలి దారి మూసుకుపోవడం వల్లనో ఇలా అవుతుంది. ఇలాంటి బండికి కొత్త బ్యాటరీ అంటగట్టడం నేను చూశాను. కొత్త బ్యాటరీతో ఇంకా జోరుగా తిరిగింది, అంతే.

చెవి చెప్పినదాన్ని మీటరుతో సరిచూసుకోవచ్చు. మూడు నాలుగు వందలకు దొరికే మల్టీమీటరు చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న 12 ఓల్టుల బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 అంటే పావు వంతు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి దిగకూడదు. ఇంజను లేచాక 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తున్నట్టు. ఇక్కడో మెలిక ఉంది. సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడిన ముసలి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.5 చూపించి మనల్ని నమ్మిస్తుంది, బరువు పడగానే చతికిలబడుతుంది. కాబట్టి తాళం తిప్పుతుండగా చూసిన అంకెనే నమ్మండి.

బ్యాటరీ మీద ఇంత ఆధారపడటం మొదటి నుంచీ లేదు. చౌమహల్లాలో సందర్శకులు చుట్టూ మూగే పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ‘సిల్వర్ ఘోస్ట్’నే తీసుకోండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించమన్నారు. ఆయన 1911లో పోయారు, బండి కొడుకు హయాంలో వచ్చింది. వెనక సింహాసనంలాంటి సీటు ఉన్నందున దాన్ని ‘థ్రోన్ కార్’ అంటారు. ఊరేగింపులకే తీసేవారు గనక నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదు. దానికి సెల్ఫ్ మోటారే లేదు. ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పి లేపాల్సిందే. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన కరెంటు స్టార్టరు 1912 కాడిలాక్‌లతో వచ్చేసింది గానీ, రోల్స్ రాయిస్ ఈ మోడల్‌కు దాన్ని పెట్టేసరికి 1919 అయింది. అలాంటి బండికి పెట్రోలు వచ్చి, బ్యాటరీ అక్కర్లేని మాగ్నెటో నిప్పురవ్వ ఇస్తే చాలు. బ్యాటరీ పోయిందనే తీర్పు దాని మీద చెల్లదు.

‘ఎవడో తాగుతుండు, కాకా’

లాల్‌దర్వాజా పక్కన ఓ రేకుల షెడ్డు. బయట ఓ తెల్ల హ్యాచ్‌బ్యాక్, పక్కన రిటైరైన పెద్దమనిషి. బ్యాటరీ వేయించి ఆరు నెలలేనట. అంతకుముందుది ఏడాది కూడా రాలేదట. మెకానిక్‌కు యాభై ఏళ్లుంటాయి. అతను బానెట్ ఎత్తలేదు, ముందు ప్రశ్న అడిగాడు.

“ఆఖరిసారి ఎప్పుడు తీసిన్రు, కాకా?”

“పది దినాలాయె భాయ్. ఎల్బీనగర్ పోయొచ్చిన.”

“ఆరు నెల్ల బ్యాటరీ పది దినాలకే కూసోదు. ఎవడో తాగుతుండు.”

టెర్మినళ్ల మీద మైలతుత్తం రంగులో పేరుకున్న పొక్కును వేడినీళ్లు, వంటసోడాతో కడిగాడు. మీటరు పెడితే 11.6. పక్క బండి నుంచి జంపర్ కేబుల్ వేశాడు. ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి కాదు, ఇంజను మీద ఉత్త ఇనుముకు. చివరి కొస కలిపేటప్పుడు నిప్పురవ్వ ఎగురుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కు అది దూరంగా ఉండాలి. బండి మొదటి దెబ్బకే లేచింది. మీటరు 14.2 చూపించింది. ఆల్టర్నేటర్ మీద అనుమానం పోయింది.

చాలామంది ఇక్కడ డబ్బులు తీసుకుని పంపించేస్తారు. అతను బండి ఆపి, బ్యాటరీని గంటసేపు చార్జరు మీద పెట్టి, తర్వాత మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టాడు. డ్రైవరు డోరు తెరిచే ఉంచి, దాని గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి తిప్పాడు. డోరు మూశారని బండి నమ్మాలి కదా. రిమోట్‌తో లాక్ చేసి, ఇరానీ చాయ్ తాగి రమ్మన్నాడు. ఇప్పటి కార్లలో చిన్న చిన్న కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట దాకా పడుతుంది. అవి పడుకున్నాక ఎంత తాగుతోందన్నదే లెక్క.

మేం తిరిగొచ్చేసరికి మీటరు 0.12 దగ్గర నిలబడింది. అంటే 120 మిల్లీ ఆంపియర్లు. గడియారం, అలారం, రిమోట్ కోసం మేలుకునే భాగం అన్నీ కలిపినా మంచి బండిలో 20 నుంచి 50 మధ్య ఉంటాయి. 120 చొప్పున రోజుకు దాదాపు 3 ఆంపియర్ అవర్లు, పది రోజులకు 29. చిన్న పెట్రోలు బండిలో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. ఇంకేం మిగిలింది?

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. ఒక ఫ్యూజు తీయగానే మీటరు 0.02కు పడిపోయింది. దానికి డాష్ కెమెరా తీగ తగిలించి ఉంది. ఎవరో యాక్సెసరీస్ కుర్రాడు తాళం తీసినా కరెంటు ఆగని ఫ్యూజుకు దాన్ని కలిపేశాడు. బండి గోడ పక్కన నిలబడి రాత్రింబవళ్లు ఆ గోడనే సినిమా తీస్తోందన్నమాట! తీగను తాళంతో ఆగిపోయే ఫ్యూజుకు మార్చి రెండు వందలు తీసుకున్నాడు. కొత్త బ్యాటరీ అమ్ముకుని ఉంటే బిల్లు నాలుగు వేలు దాటేది.

ఏ దొంగా లేకపోయినా, మంచి బండి 30 మిల్లీ ఆంపియర్ల చొప్పున తాగినా, మూడు నాలుగు వారాల్లో సగం ఖాళీ. మన ఎండ ఇంకో దెబ్బ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను ఖాళీ అయ్యే వేగం సుమారు రెట్టింపవుతుంది. ఖాళీగా వదిలేసిన బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు బిగుసుకుంటుంది, తర్వాత ఎంత చార్జి చేసినా పాత బలం రాదు.

పాత అంబాసిడర్ రోజుల అలవాటు ఒకటి ఇంకా పోలేదు. ఒక బ్యాటరీతో స్టార్ట్ చేసి, ఇంజను నడుస్తుండగానే దాన్ని పీకేసి, చచ్చినదాన్ని పెట్టడం. ఇప్పటి బండిలో అలా పీకితే ఆల్టర్నేటర్ నుంచి ఎగిసే ఓల్టేజీకి ఇంజనును నడిపే కంప్యూటర్ (ఈసీయూ) మాడిపోవచ్చు. ధక్కా స్టార్ట్ సంగతీ అంతే. ఆటోమేటిక్‌కు పనికిరాదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపుకే కరెంటు ఉండదు, ఎంత తోసినా ఆయాసమే. అయినా ఆ గల్లీల్లో తోయడానికి చోటేదీ?

పాతబడ్డ పెట్రోలు, కాపురం పెట్టిన ఎలుక

సెల్ఫ్ తిరుగుతూ ఇంజను అందుకోని బండి దగ్గర, తాళం ఆన్‌లో పెట్టి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు సెకండ్ల పాటు సన్నగా ‘జుం’మనాలి. అది పెట్రోలు పంపు. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు, అక్కడికి వెళ్లే తీగ, ఈ వరుసలో చూడాలి.

పంపు తిరుగుతున్నా లాభం లేకపోవచ్చు. పెట్రోలులో తేలిగ్గా అంటుకునే భాగాలే ముందు ఆవిరవుతాయి. మిగిలినది నెలలు గడిచేకొద్దీ జిగురెక్కి, వార్నిష్ వాసన వేస్తుంది. ఇప్పుడు మన బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది, నీటి శాతం హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. పంపు పీల్చేది ఆ అడుగునుంచే. ఏడాది నిలిచిన బండికి కొత్త పెట్రోలు కలిపి సరిపెట్టడం కంటే పాతది తీసేయించడమే మంచిది. కార్బొరేటర్ బండ్లు పాతబస్తీలో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. వాటిలో ఫ్లోట్ గిన్నె ఎండిపోయి జెట్లు పూడుకుంటాయి, పాయింట్ల మీద తుప్పు పొర కట్టి నిప్పురవ్వ రాదు. సన్నటి ఎమరీ కాగితంతో ఒకసారి రుద్దితే లేచే బండికి కాయిల్ మార్పించినవాళ్లున్నారు. డీజిల్ బండిలో ఫిల్టరు అడుగున నీళ్లు చూడాలి, లైనులో గాలి పట్టిందేమో చూసి చేతి పంపుతో తోడాలి.

ఇంజెక్షన్ బండిని పదేపదే లేపబోయి పెట్రోలుతో ముంచేస్తే చాలా మోడళ్లలో ఓ ఉపాయం ఉంది: యాక్సిలరేటర్ అంతా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే పెట్రోలు ఆగి గాలే వెళ్తుంది, లోపల ఆరిపోతుంది. ఏం చేసినా సెల్ఫ్ పది సెకండ్లు మించి కొట్టకూడదు. మధ్యలో నిమిషం విరామం ఇవ్వాలి.

ఇక ఎలుకలు. మిఠాయి దుకాణాల వెనక, ధాన్యం గోదాముల పక్కన నిలబెట్టిన బండికి ఇవి తప్పవు. ఇంజను తీగల తొడుగులు కొరుకుతాయి, ఎయిర్ ఫిల్టరు డబ్బాలో గుడ్డపీలికలూ కాగితాలూ పోగేసి కాపురం పెడతాయి. సెన్సరు తీగ ఒకటి తెగితే చాలు, ఇంజను లేవదు. అందుకే నెలల తర్వాత బండి తీసేవాళ్లు తాళం ముట్టుకునే ముందే బానెట్ ఎత్తి, ఫిల్టరు డబ్బా విప్పి చూడాలి. బెల్టు పక్కన పిల్లి పడుకుని ఉన్నా అప్పుడే కనబడుతుంది.

నీళ్లలో నిలిచిన బండి

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రయత్నించి చూడదగ్గవి. ఒక్క సందర్భంలో మాత్రం తాళం ముట్టుకోవడమే తప్పు.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ మునిగింది. నాలుగు రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మీద పడింది. కార్లు వీధుల్లో తేలుతూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన దృశ్యాలు అందరం చూశాం. నీళ్లు తీశాక జనం చేసిన మొదటి పని, పాపం, ‘లేస్తదేమో’ అని తాళం తిప్పి చూడటం.

గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. ఎయిర్ ఇన్‌టేక్ నుంచి సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే, పిస్టన్ పైకి వచ్చి ఆ నీళ్లకు గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. శుభ్రం చేసి ఆయిల్ మారిస్తే బతికే ఇంజను ఆ ఒక్క తిప్పుతో బోరుకు వస్తుంది. పైగా మామూలు సమగ్ర బీమాలో ఈ నష్టానికి మొండిచెయ్యే. ఇంజను కోసం విడిగా కవర్ తీసుకుని ఉండాలి. నీళ్లు చక్రం సగం దాటి వచ్చాయని గోడ మీద మరక చెబుతుంటే మైనస్ తీగ విప్పి, ఫొటోలు తీసి, బండిని ఎత్తించి పంపించండి. ఆయిల్ కర్ర తీసి చూస్తే పాలు కలిసిన చాయ్ రంగు కనిపించిందా, లోపల నీళ్లున్నట్టే.

ఊరెళ్లే ముందు

వారానికోసారి పక్కింటి కుర్రాడితో పది నిమిషాలు స్టార్ట్ చేయించి ఆపిస్తుంటారు చాలామంది. ఇది నాకు సుతరామూ నచ్చని అలవాటు. ఆ పది నిమిషాల ఐడిలింగ్‌లో బ్యాటరీకి తిరిగొచ్చేది కొద్దిగానే, సైలెన్సర్‌లో, ఆయిల్‌లో తేమ మాత్రం చేరుతుంది. తీస్తే అరగంట రోడ్డు మీద తిప్పాలి, చాంద్రాయణగుట్ట దాకా పోయి రావాలి. కుదరకపోతే ముట్టుకోకుండా వదిలేయడమే నయం.

నెల దాటి వెళ్లేవాళ్లు మైనస్ తీగ విప్పేయాలి. ట్యాంకు నింపి పెడితే లోపల తేమ చేరే చోటు తగ్గుతుంది. ఏడాది దాటే ప్రయాణమైతే తక్కువలో ఉంచి, వచ్చాక కొత్తది పోయించుకోవడం మేలు. హ్యాండ్ బ్రేకు వేసి వెళ్తే వానాకాలం పోయేసరికి లైనర్లు డ్రమ్ముకు అతుక్కుంటాయి, అప్పుడు ఇంజను లేచినా బండి కదలదు. గేరులో పెట్టి చక్రాలకు ఇటుకలు పెట్టండి. నిజాం నివాసం కింగ్ కోఠీ తోటలో బంగారు కడ్డీలు నింపిన లారీలు బరువుకు ఇరుసుల దాకా బురదలో దిగబడ్డాయని ‘ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్’ చెప్పిన కథ ఈ ఊళ్లో ప్రతివాడికీ తెలుసు. మన బండిలో బంగారం లేకపోయినా గాలి తగ్గిన టైరు ఒకేచోట ఒత్తుకుని సొట్టబడుతుంది. వెళ్లేముందు నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టించండి.

ఇంకొకటి. కరెంటుతోనే తెరుచుకునే డిక్కీ ఉన్నవాళ్లు మైనస్ తీగ విప్పే ముందు జంపర్ కేబుల్, స్పానరు డిక్కీలోంచి తీసి ఇంట్లో పెట్టుకోండి.